రెండు గంటల దూరంలో ఇల్లు

మధురవాడ, విశాఖపట్నం
ఆదివారం మధ్యాన్నం

ధనలక్ష్మక్కకి నీ సెల్లి రత్నం దండాలెట్టి రాసుకున్నది.

అక్కా, నువ్వూ, అప్పారావు బావా, మా దేవీ అంతా ఒంట్లో బాగున్నారనుకుంటన్నాను. నీ మోకాలి నొప్పి ఎలగుంది? వానల్లో జెట్టీ మెట్లు దిగొద్దని ఫోన్లో సెప్పినాను, ఇన్నావో లేదో. బావకి దగ్గు తగ్గిందా? దేవి అన్నం సరిగ్గా తింటందా, ఫోను సూసుకుంటా సగం కంచం ఒగ్గీసి లేచిపోతందా? ఇక్కడ మేం ఇద్దరం బాగానే ఉన్నాం. మా గురించి బెంగెట్టుకోకు.

ఫోన్లుండగా ఈ ఉత్తరమేటి అనుకుంటావు. మాకున్నది ఒకటే గది అక్కా. నీతో మాటాడతంటే నీ మరిది గోడ వైపు తిరిగి పడుకుని అంతా ఇంటాడు. అక్కడ నువ్వేమో స్పీకరెట్టీసి దేవిని పిలుత్తావు. అటు కూతురూ ఇటు తండ్రీ ఇంటంటే నాను నీతో ఏటి సెప్పగలను? అన్నిటికీ బాగుంది, బాగుంది అనీసి ఫోను పెట్టీడమే అవుతంది. అందుకని రాత్తన్నాను. పెదజాలరిపేటలో నాను సేపలు కొనే ఆవిడకి ఒక కూతురు మన జంగ్లీఘాట్‌లోనే ఉందంట. ఈ నెల ఓడకి ఆవిడ పోర్ట్‌బ్లెయిర్ వత్తంది. ఆవిడ సేతికే ఇత్తన్నాను. నీకు అందినప్పుడు దేవి ఇంట్లో ఉంటే దాసీసి, అది బడికెల్లినాక సదువుకో. బావకి మాత్రం సదివి ఇనిపించు, ఆయనతో పనుంది.

ముందు మా సంగతులు సెప్తాను. హాస్టల్లో వంటపని అలగే సాగుతంది. తెల్లారకముందే లేసి ఇడ్లీలెయ్యాల, ఆ ఎనకనే క్యారేజీలకి అన్నం, కూర సర్దాల. అందరూ కంప్యూటరు ఆఫీసుల్లో పనిసేసే ఆడపిల్లలు. నన్ను ఆంటీ అంటారు. పప్పుసారు ఏడిగా ఉంటే సాలు, దేనికీ వంక పెట్టరు. హాస్టలమ్మగారు మేడమీద గది మాకిచ్చింది. ఎనక కొండ, ముందు రోడ్డు. ఆ రోడ్డు మీద బైకులూ క్యాబులూ మొదలైతే ఇంక ఆగవు. బోటింజిను పక్కన తలెట్టుకుని నిద్రపోయినోడు నీ మరిది, ఇక్కడ ఎవడో హారను కొడితే ఉలిక్కిపడి లేత్తన్నాడు.

ఇప్పుడు సలికాలం గాబట్టి కొంచెం నయం. ఎండాకాలం తలుసుకుంటే భయమేత్తంది. కిడ్నీలు పనిసెయ్యనోడికి నీళ్ళు ఎక్కువైతే ఊపిరితిత్తుల్లోకి ఎల్లిపోతాయంట. రోజుకి తాగాల్సినయ్యి కొలిసి ఒక సీసాలో పోసి ఇత్తాను. మాత్రలకీ అయ్యే, దాహానికీ అయ్యే. మొన్న వేసవిలో మధ్యాన్నానికే సీసా ఖాళీ అయిపోతే ఒక ఐసుముక్క నోట్లో ఏసుకుని అది కరిగీదాకా కళ్ళు మూసుకుని కూకునేవాడు. తిండీ అంతే. కొబ్బరినీళ్ళొద్దు, అరటిపండొద్దు, ఎండుసేప వాసన కూడా సూడొద్దు. కూరగాయలు ఉడకబెట్టి ఆ నీళ్ళు పారబోసి అప్పుడు వండాల. రుసి ఏటుంటాది? మొన్న అన్నం కలుపుతా, "మనింటి ఎనకమాల రాలిన కొబ్బరికాయలు ఎవరు ఏరతన్నారు?" అనడిగినాడు. మా అక్క ఏరతంది అన్నాను. "ఏరనీ" అని తినీసి లేసినాడు.

నాకు మనుషుల్లేకపోవడమే కష్టంగా ఉందక్కా. మన తాత ఈ ఒడ్డునుంచే ఓడెక్కి అక్కడికొచ్చినాడు గదా, ఇక్కడందరూ మన మాటే మాటాడతారు, మనోళ్ళే అనుకుని వచ్చినాను. మొదట్లో పేటకెల్లి "సురమాయి ఉందా" అనడిగితే సేపలావిడ నా మొకం సూసింది. ఇక్కడ దాన్ని వంజరం అంటారు. "ఏ ఊరమ్మా మీది? మాటేమో మాలాగే ఉంది, మజ్జమజ్జన హిందీ వత్తంది" అంది. అండమాన్ అని సెప్తే "జైలున్న సోటా?" అంది. తాత సంగతి సెప్పినాను. "అయితే మన పిల్లే" అంది, సేపలు కోసిచ్చి ఇంకొకావిడతో బేరంలో పడిపోయింది. ఆవిడే ఇప్పుడు ఈ ఉత్తరం తెత్తన్నది. మంచి మనిషే. గాని ఈ రెండేళ్ళలో మా గదికొచ్చి కూకున్నోళ్ళు ఎవరూ లేరు. ఇది నీ దగ్గర ఏడుద్దామని రాయడం లేదు. నాను బాగానే ఉన్నాను.

ఇప్పుడు అసలు సంగతి రాత్తాను. మొన్న మేం అక్కడికి రాబోయి ఎనక్కి వచ్చీసినాం గదా, నీకు ఫోన్లో "వానకి ఫ్లైట్ దిగలేదు, తిరిగొచ్చీసినాం, అంతా బాగుంది" అని సెప్పినాను. అందులో అంతా బాగుంది అన్నది నిజం కాదక్కా.

మేం ఇక్కడికొచ్చిన రోజు నీకు గుర్తుండే ఉంటాది. అప్పుడు నేరుగా ఫ్లైట్ ఉండేది. పొద్దున్న నువ్వెట్టిన సద్దన్నం తిని ఎక్కినాం, మధ్యాన్నానికల్లా ఇక్కడ ఆసుపత్రి బెంచీ మీదున్నాం. రెండు గంటల దారి. "ఇంతేనా? హేవ్‌లాక్ దీవికి స్టీమరు మీద ఎల్లినంత సేపే" అన్నాడు నీ మరిది. దగ్గరే గదా, అనుకున్నప్పుడు వచ్చి పోదాం, దేవిని బడి మానిపించడం దేనికి, అక్క దగ్గరే ఉంటాది అనుకున్నాం. తర్వాత ఆ ఫ్లైట్ ఆపీసినారు. ఇప్పుడు చెన్నై మీద నుంచో, హైదరాబాదు మీద నుంచో, కలకత్తా మీద నుంచో రావాల.

హాస్టల్లో శ్రావణి అని విజయనగరం పిల్లుంది. దీపావళి ఎల్లినాక ఒకరోజు నీ మరిది ఆ పిల్లనడిగినాడు, వైజాగ్‌కీ పోర్ట్‌బ్లెయిర్‌కీ ఎంత దూరమో సూడమ్మా అని. ఫోన్లో కొట్టి సూపించింది. సముద్రం మీద ఒక వంకర గీత, ఈ పక్క మేం, ఆ పక్క మీరు.

"ఆకాశంలో అయితే పన్నెండొందల కిలోమీటర్లు, ఇంచుమించు. రెండు గంటలే అంకుల్" అంది.

"మరి ఆ రెండు గంటల దానికే టికెట్టు తియ్యమ్మా" అన్నాడు.

"అది దూరం అంకుల్. టికెట్టు కాదు."

కింద ఇంకేవో తీసింది. ఒకటి తొమ్మిది గంటలు, ఒకటి పదిహేను, ఒకటి పగలూ రాత్రీ కలిపి. ఏ దారి తీసినా మజ్జన ఏదో ఊళ్ళో కూకోవాల. నీ మరిది అన్నీ సూసి, మంగళవారం గురువారం శనివారం అని సేతి ఏళ్ళ మీద లెక్కెట్టుకున్నాడు.

ఆ లెక్కేటో నీకు సెప్తాను, నువ్వు ఎప్పుడూ "అక్కడే ఉండిపోతారేటి, వచ్చి పోవచ్చు గదా" అంటావు. వారానికి ఆ మూడు రోజులూ ఆయన్ని రత్తం కడిగే డయాలసిస్ మెషీను మీదెయ్యాల. శనివారం దిగినాక మళ్ళీ మంగళవారం పొద్దున్నదాకా ఉన్న ఖాళీయే మాకు దొరికే పెద్ద ఖాళీ. అక్కడి ఆసుపత్రిలో ఎక్కించుకుంటే పోదా అన్నావు. మెషీను మీదుండగా ఆయనకి బీపీ పడిపోద్ది, గుండె కూడా బలం లేదు. ఆ ఒళ్ళు తెలిసిన డాక్టర్లు పక్కనుండాల, వేరే సోట ఎక్కించొద్దు అన్నారు. నా కిడ్నీ ఇద్దామంటే నాకు షుగరు. నువ్విత్తానన్నావు, కలవలేదు. ఇంకెవరిదైనా దొరికినా ఆ గుండె ఆపరేషనుకి తట్టుకోదన్నారు. ఓడ ఎక్కితే రెండు రోజులు దాటిపోద్ది, సముద్రం మజ్జన మంగళవారం వత్తే ఏటి సేత్తాం? అందుకని ఇమానమొక్కటే దారి.

డాక్టరుగారినడిగినాం. ఎల్తే ఎల్లండి, నీళ్ళు జాగ్రత్త, మంగళవారం పొద్దున్నకి ఇక్కడుండాల అన్నారు. శ్రావణి టికెట్లు తీసింది. శనివారం మెషీను దిగి సాయంత్రం చెన్నై, రాత్రి అక్కడే కుర్చీల్లో, ఆదివారం పొద్దున్న మీ దగ్గర. సోమవారం మధ్యాన్నం తిరుగు ఫ్లైట్. మనింట్లో ఒక పగలు, ఒక రాత్రి. ఆ ఒక్కరోజు కోసం నీ మరిది వారం రోజులు ముందునుంచీ సీసాలో నీళ్ళు కూడా మిగుల్చుకున్నాడు. గెడ్డం గీయించుకున్నాడు. దేవికి గాజులు, నీకు సీర కొన్నాడు. ఆ సీర నా దగ్గరే ఉంది, ఈ ఉత్తరంతోపాటు పంపుతన్నాను.

చెన్నైలో పొద్దున్న ఎక్కినప్పుడు బాగానే ఉన్నాడు. కిటికీ పక్క కూకోబెట్టినాను. వాయుగుండం ఉందని తెలుసు, గాని ఫ్లైట్ బయల్దేరింది గదా, దిగుతాది అనుకున్నాం. దీవులు దగ్గర పడతంటే అంతా మబ్బు. కుదుపులకి ఎనకాల సీట్లో సంటిపిల్ల ఏడుత్తంది. కిందకి దిగతా ఉంటే ఒక్కసారి మబ్బు ఇడిపోయింది. "రత్నం, అదిగో చాతమ్ వంతెన. అదిగో మన జెట్టీ" అన్నాడు. నానూ సూసినాను. జెట్టీకి కట్టిన బోట్లు ఊగుతన్నాయి. కొండ మీద ఇళ్ళు, రేకులు తడిసి మెరుత్తన్నాయి. మన వీధి ఏదో తెలీలేదు గాని ఆ కొండే. సక్రాలు దిగిన సప్పుడు కూడా ఇన్నాం. ఆయన బూట్లు సర్దుకున్నాడు.

అప్పుడు ఇంజిను గట్టిగా మోగి ఇమానం మళ్ళీ పైకి లేసిపోయింది. నువ్వు దేవిని పట్టుకుని బయట నిలబడి ఇన్న సప్పుడు అదేనక్కా. నాన్న ఫ్లైట్ వచ్చీసింది అని దేవి సప్పట్లు కొట్టిందని సెప్పినావు.

ఇంకోసారి తిరిగి దిగబోయినారు, అప్పుడూ అవలేదు. కాసేపు మబ్బుల పైన గిరగిరా తిరిగినాం. తర్వాత మైకులో సెప్పినారు, గాలి ఎక్కువగా ఉంది, చెన్నై ఎల్లిపోతన్నాం అని. కొందరు ఫోన్లు తీసి సూసుకున్నారు. నీ మరిది బెల్టు ఇప్పి లేసి నిలబడ్డాడు. ఇమానంలో పనిసేసే అమ్మాయి పరుగెత్తుకొచ్చింది. ఆ పిల్లతో హిందీలో, మెల్లగా, "మేడమ్, నాది ఈ ఊరే. నన్ను ఇక్కడ దింపీండి" అన్నాడు.

"సార్, కూకోండి, దిగడానికి అవదు సార్, కెప్టెన్ ట్రై చేసారు" అంది.

"నా కూతురు బయట నిలబడి ఉంటాది" అన్నాడు.

ఆ పిల్ల ఆయన పక్కన మోకాళ్ళ మీద కూకుని బెల్టు తనే పెట్టింది. పెట్టి, ఆయన సెయ్యి మీద సెయ్యేసి ఒక నిమిషం అలాగే ఉండిపోయింది. దాని పేరడగడం నాకు తోచలేదు. తర్వాత చెన్నై దాకా ఆయన కిటికీ రెక్క దించీసి కూకున్నాడు. అందరికీ జూసు ఇచ్చినారు. నాను సూడకుండా అది తాగీసినాడు. నాకిచ్చిందీ తాగినాడు. ఏటి మావా ఇది అంటే, "దాహమేసింది" అన్నాడు.

చెన్నైలో దిగినాక రేపు పొద్దున్న ఇంకో ఫ్లైట్ ఎక్కిత్తాం అన్నారు. సోమవారం పొద్దున్న అక్కడికొచ్చి అదే రోజు మధ్యాన్నం బయల్దేరిపోవాల. ఇంటికి కూడా రాలేం. నాను వద్దన్నాను.

"ఎయిర్‌పోర్టు బయటే నిలబడి అమ్మిని సూసి వచ్చీద్దాం రత్నం. ఒక అరగంట. ఇల్లు సూడకపోయినా పర్లేదు" అన్నాడు.

ఆయన ఎప్పుడూ నన్ను ఏదీ బతిమాలలేదక్కా. సరే అన్నాను. అక్కడే కుర్చీల్లో కూకున్నాం. నీకు ఫోన్ సేసి రేపొత్తాం అని సెప్పింది అప్పుడే. సాయంత్రానికి కాళ్ళు వాసిపోయినాయి, బూట్లు ఇప్పితే మళ్ళీ ఎక్కలేదు. పొద్దు పోయేసరికి పడుకోలేడు, కూకోలేడు, నీళ్ళలో మునిగినోడు తేలినట్టు నోరు తెరిసి ఊపిరి తీత్తన్నాడు. ఎయిర్‌పోర్టు డాక్టరొచ్చి సూసి అంబులెన్సు పిలిసినాడు. ఏ ఆసుపత్రికి తీసుకెల్లినారో, ఏ వీధో నాకు తెలీదు. నాకు అరవం రాదు, వాళ్ళకి నా హిందీ అర్థమవదు. కాగితాలు నా ముందు పెడితే సంతకాలెట్టినాను. మెషీను మీద ఏసినారు. మజ్జలో బీపీ పడిపోయి గుండె ఆగినంత పనైంది, తలుపు మూసీసినారు. నాను బయట గోడకి ఆనుకుని కూకుని, దేవికి తండ్రిని సూపించకుండానే పోతాడేటి అనుకున్నాను. పోలేదు. రెండు రోజులు అక్కడే ఉంచినారు. నువ్వు ఫోన్ సేసి "రాలేదేటి" అంటే ఈ రోజు కూడా ఫ్లైట్ లేదన్నారు అని సెప్పినాను గదా, అప్పుడు ఆ గోడ దగ్గరే ఉన్నాను. నువ్వు గాలి తగ్గిపోయింది, ఎండొచ్చింది, ఫ్లైట్లన్నీ దిగుతన్నాయి అన్నావు. సిగ్నల్ లేదని పెట్టీసినాను.

ఇమానం ఎక్కించొద్దన్నారు, రైల్లో తీసుకొచ్చినాను. మంచిగానే సేరినాం. బెంగెట్టుకోకు.

ఇక్కడికొచ్చినాక గుండె డాక్టరు మళ్ళీ అన్నీ తీసి సూసినారు. నీ మరిదిని బయట కూకోబెట్టి నన్ను పిలిసినారు. ఇంక ఇమానం వద్దమ్మా అన్నారు. నాను అడిగినాను, మళ్ళీ నేరుగా ఫ్లైట్ ఏత్తే, రెండు గంటలే గదా బాబూ, అప్పుడు ఎల్లొచ్చా అని. ఆయన కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టినారు.

"అమ్మా, నేను దూరం గురించి చెప్పడం లేదు" అన్నారు.

ఎన్నాళ్ళు అని నాను అడగలేదు. ఆయనే అన్నారు, ఉన్నన్నాళ్ళూ కష్టం లేకుండా చూసుకుందాం, అలసిపోనివ్వకండి అని. పాపం ఆయన మంచిగానే సెప్పినారు.

బస్సులో కూకున్నాక నీ మరిది అడిగినాడు.

"ఏటన్నారు?"

"ఇమానం వద్దన్నారు."

"మరి ఓడ?"

"ఓడా వద్దన్నారు."

"ఊఁ" అన్నాడు. ఎవరో ముసలాయన ఎక్కితే లేసి సీటివ్వబోయినాడు, నాను ఆపి నాను లేసినాను. దిగేముందు నా వైపు సూసి, "ఒక మంచం కొందాం రత్నం" అన్నాడు.

నీకు ఇది తెలీదక్కా. ఈ రెండేళ్ళూ మేం సాప మీదే పడుకుంటన్నాం. నాను మంచం కొందాం, నీకు నడుం పట్టీతంది అంటే, "ఎల్లిపోయేవోళ్ళకి మంచం దేనికి? దాన్ని ఎవరు మోత్తారు?" అనీవాడు. బిందె కొన్నా కసిరేవాడు. బట్టలు ఇప్పటికీ వచ్చిన సంచుల్లోనే ఉన్నాయి. అలాటోడు ఆ మర్నాడు నాతో వచ్చి మధురవాడ జంక్షన్‌లో కొట్టు కొట్టూ తిరిగి టేకుది కాదు, ఇనపది కాదు, నవారుది కావాలని ఏరుకుని కొన్నాడు. మేడమీదకి తెచ్చి గోడవారగా ఏయించుకున్నాడు. ఆ పక్కనే రెండు మేకులు కొట్టించి సంచిలో బట్టలు తీసి తగిలించినాడు. అంతా అయినాక మంచం మీద కూకుని, "బాగుంది" అన్నాడు. నాను పంపు దగ్గరికెల్లి నీళ్ళు ఇప్పీసి ఏడిసినాను.

ఆ రోజు నుంచీ ఊరి మాటెత్తడం లేదు. ఇదివరకు రోజుకొకసారైనా జెట్టీ సంగతో, ఇంజిను సంగతో, ఎవరికి ఎన్ని సేపలు పడ్డాయనో అడిగేవాడు. ఇప్పుడు నువ్వు ఫోన్ సేసి సెప్పినా "సరే, సరే" అంటాడు. తింటన్నాడు, మాత్రలేసుకుంటన్నాడు, మెషీనుకి వత్తన్నాడు, దేనికీ గొడవ లేదు. ఆ గొడవ లేకపోవడమే నాకు భయంగా ఉంది. అక్కడున్నప్పుడు ఎంత తిట్టీవాడో నీకు తెలుసు.

నిన్న మెషీను మీదుండగా నాను పక్కన కూకుంటే కళ్ళు మూసుకునే రెండు మాటలు సెప్పినాడు. అయ్యే నీకు రాయాల.

ఒకటి బోటు. మేం వచ్చినప్పుడు సూసుకోమని ఇచ్చిన మా బోటు బావనే ఉంచీసుకోమన్నాడు. అప్పగించడం కాదు, పేరు మార్పించుకోమన్నాడు. ఇంజిను మార్చాలంటే ఎవరినీ అడగక్కర్లేదని సెప్పమన్నాడు. బావ వద్దంటాడు, నాకు తెలుసు. నీ మరిది వచ్చినాక సూద్దాం అంటాడు. అలగ అననీయకు అక్కా. ఈయనకి ఆ మాట ఇప్పుడు మంచి సెయ్యదు.

ఇంకొకటి దేవి. "పరీక్షలవగానే అమ్మిని ఇక్కడికి తెచ్చీ. తొమ్మిదో క్లాసు ఇక్కడ సదువుద్ది" అన్నాడు. అక్కడ దానికి నేస్తులున్నారు, బడి మారితే సదువు పాడైపోద్ది మావా అన్నాను. కళ్ళు తెరిసి నన్ను సూసి, "ఎన్నాళ్ళు సూత్తానో, సూడనీ" అన్నాడు.

అందుకని అక్కా, బడిలో అడిగి టీసీ సంగతి కనుక్కో. పరీక్షలైన నెల ఓడకి దేవిని తీసుకుని నువ్వే రా. ఇమానంలో వద్దు. మా ఇంటి ఓనరుకి తాళాలు ఇచ్చీ. ఇన్నాళ్ళూ వారానికోసారి తలుపులు తీసి ఊడిసి ఉంచినావు, వచ్చి పడుకుంటారని పరుపు ఎండబెట్టినావు, నీ కష్టం మేం తీర్సలేం. వంటసామాను నీకు పనికొచ్చినవి నువ్వు తీసుకో, మిగతావి వీధిలో ఎవరికి కావాలంటే వాళ్ళకి ఇచ్చీ. పెళ్ళిఫోటో ఒకటి మాత్రం బట్టల్లో సుట్టి తీసుకురా.

దేవికి ఎలగ సెప్పాలో నువ్వే ఆలోసించు, అది నీ మాటే ఇంటాది. ఒక్కటి మాత్రం నాను సెప్పినట్టు సెయ్యి. సెలవలకని సెప్పి తీసుకురాకు. ఇక్కడికొచ్చినాక తెలిస్తే అది నన్నింక నమ్మదు. ఉండిపోడానికని సెప్పు. నాన్నకి ఎలగుందంటే దాయకు, గాని అంతా ఒక్కసారే సెప్పీకు. ఏడిత్తే ఏడవనీ. ఇంట్లోంచి ఏటేటి తెచ్చుకుంటాదో దాన్నే తీసుకోమను. పాతదని, బరువని నువ్వు ఏదీ ఒగ్గించకు. ఓడలో బరువు సూసీవోళ్ళు లేరు.

ఇదంతా సదివి వెంటనే ఫోను సెయ్యకు. నీ గొంతు ఇంటే ఆయన కనిపెట్టీత్తాడు. రెండు రోజులాగి, ఉత్తరం అందింది అని మాత్రం అను. నాకు అర్థమవుతాది. నీకు వంజరం ఎండుముక్కలు కూడా ఆవిడ సంచిలో పెడతన్నాను. మీ దగ్గరున్నంత రుసి ఉండదు, గాని మన తాత తిన్న సేప ఇదే గదా అని పంపుతన్నాను.

బావకీ, మన వీధి పెద్దోళ్ళందరికీ మా ఇద్దరి దండాలు సెప్పు. మేం కులాసాగా ఉన్నాం అనే సెప్పు. నీ మరిది కోసం అమ్మోరికి మొక్కుతాను అన్నావు. మొక్కుకో అక్కా, నాను వద్దనను. గాని తిరిగి రావాలని మొక్కకు. నొప్పి తెలీకుండా సూడమని మొక్కు.

నీ దీవెనలు దేవి మీదుంచు.

నీ సెల్లి
రత్నం